నౌపడ నుంచి గుణుపురం: చిన్నబండి నడిచిన దారి

నౌపడ, శుక్రవారం పొద్దున

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ పేరు చెబితే ఎవరికైనా ముందు ఉప్పు గుర్తొస్తుంది. రైళ్ళంటే ఇష్టమున్నవాళ్ళకు మాత్రం ఇక్కడ హౌరా-చెన్నై మెయిన్ లైను నుంచి చీలి కొండల వైపు వెళ్ళే ఒంటి లైను గుర్తొస్తుంది. కోస్తా వెంట మెయిన్ లైను 1890లలో వచ్చింది. అది ఇప్పటి ఒడిశాలోని పర్లాకిమిడికి 40 కిలోమీటర్ల దూరం నుంచే వెళ్ళిపోయింది. దాంతో అక్కడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ సొంతంగా రైలుదారి వేయించడానికి పూనుకున్నారు. 1898లో తెల్లదొరల అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదికల్లా పట్టాలు పడ్డాయి. 1900 ఏప్రిల్ 1న బండ్లు మొదలయ్యాయి. మొత్తం ఖర్చు 7 లక్షల రూపాయలు, అంటే కిలోమీటరుకు పదిహేడున్నర వేలు. అదే పర్లాకిమిడి లైట్ రైల్వే. జనం నోట్లో మాత్రం చిన్నబండి.

అంత చౌకగా కుదరడానికి కారణం గేజి. రెండు పట్టాల మధ్య 2 అడుగుల 6 అంగుళాలు, మన లెక్కలో 762 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో ఇది 1676. ఎడం తగ్గితే కట్ట వెడల్పు తగ్గుతుంది, మట్టిపని తగ్గుతుంది, పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపరు దిమ్మ పొట్టిదవుతుంది, పట్టా బరువు తగ్గుతుంది. గుట్ట అడ్డొస్తే తవ్వకుండా చుట్టూ తిరిగి పోవచ్చు. అప్పట్లో సంస్థానాలూ చిన్న కంపెనీలూ ఇలాంటి లైన్లే ఎంచుకున్నది అందుకే.

ఆ చౌకకు కట్టిన మూల్యం కూడా నౌపడలోనే కనిపించేది. కొండల వైపు నుంచి వచ్చిన ధాన్యం, చింతపండు, కలప అంతా ఇక్కడ చిన్న డబ్బాల్లోంచి దించి పెద్ద డబ్బాల్లోకి ఎక్కించాలి. బస్తా కూలివాడి నెత్తికెక్కిన ప్రతిసారీ కూలి ఖర్చు, బస్తా చిరిగితే గింజ నష్టం, వాన కురిస్తే తడి, రాత్రి నిలవ ఉంటే దొంగల భయం. లారీలు వచ్చాక మిల్లు గుమ్మం దగ్గర ఎక్కించిన సరుకు నేరుగా షావుకారు గుమ్మం ముందు దిగింది. చిన్న లైన్లు దెబ్బతిన్నది వేగం తక్కువై అంటారుగానీ, సరుకు రవాణా వరకు అసలు దెబ్బ ఈ ఎత్తిదించే పనే.

ఇప్పుడు చిన్న పట్టాలు లేవు. 2004లో గేజి మార్పిడి కోసం లైను మూసేశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్ మీద బండ్లు మళ్ళీ నడిచాయి. ఆవిరి ఇంజన్ ఎక్కి తిరిగే లైను కాదిది. దారి తెలిసి చూస్తే మాత్రం పాత రైల్వే చాలావరకు కళ్ళబడుతుంది.

సంక్రాంతి తర్వాత ఈ వైపు వచ్చేవాళ్ళు పొద్దున బండి అందకపోతే నౌపడలో ఊరికే కూర్చోనక్కర్లేదు. దగ్గర్లోని తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మార్చి దాకా ఉంటాయి. ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ 300 అడిగారు, 250కి ఒప్పుకున్నారు. చెట్లు జనం ఇళ్ళ మధ్యే ఉంటాయి. పక్షులు పిల్లల్ని పెంచే కాలం కాబట్టి ఊళ్ళోవాళ్ళే గొంతు తగ్గించి మాట్లాడతారు. వచ్చినవాళ్ళూ అలాగే ఉండాలి.

టెక్కలి మీదుగా, అదే మధ్యాహ్నం

గుణుపురం వైపు వెళ్ళే ప్యాసింజర్‌లో కుడిచేతి కిటికీ పట్టుకోవడం మంచిది. మహేంద్రగిరి వైపు కొండల వరస ఆ పక్కనే తేలుతుంది. గుణుపురం దాకా 90 కిలోమీటర్లకూ ఆర్డినరీ టికెట్ 20 రూపాయలకు కాస్త అటూఇటూ. రోజుకు తిరిగే బండ్లు కొద్దే కాబట్టి ఒకటి తప్పితే పూటంతా పోతుంది. మధ్యలో దిగి చూసేవాళ్ళు తర్వాతి ఊరికి బస్సూ షేర్ ఆటో నమ్ముకోవాల్సిందే.

టెక్కలి దాటాక గ్రానైటు బండలు యార్డుల్లో దొంతర్లుగా కనిపిస్తాయి. టెక్కలి నీలిరాయికి దేశం బయట కూడా గిరాకీ ఉంది. ఇక అక్కడి నుంచి చూడాల్సినవి వంపులు. రైల్వే లెక్కలో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని మీటర్లలో ఉన్న వ్యాసార్ధంతో భాగిస్తే డిగ్రీ వస్తుంది. బ్రాడ్‌గేజ్‌కు గరిష్ఠంగా 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. అంతకంటే బిగువుగా తిప్పకూడదు. 762 మిల్లీమీటర్ల లైనుకు 40 డిగ్రీల దాకా, అంటే 44 మీటర్ల వ్యాసార్ధం దాకా ఒప్పుకుంటారు. చిన్నబండి చెరువుగట్టునూ గుట్టనూ తప్పించుకుని ఒంగి వెళ్ళగలిగినచోట పెద్దబండికి దారి సాగదీయాలి. కొత్త లైను తిన్నగా కోసుకుపోయే జాగాలో, పొలంలోకి వంగి మళ్ళీ తిరిగి వచ్చే సన్నటి మట్టికట్ట కనబడితే అది పాత దారి కావచ్చు. గుర్తుపట్టడానికి వెడల్పే ఆనవాలు. చిన్న లైను కట్ట తల నాలుగు మీటర్లకు మించదు. బ్రాడ్‌గేజ్ కట్టకు ఏడెనిమిది మీటర్లు కావాలి. కాలవగట్టయితే దాని పక్కనే నీరు పారిన గుంత ఉంటుంది. రైలు కట్టకు రెండువైపులా మట్టి తీసిన గోతులు విడివిడిగా ఉంటాయి, వాటిలో తుంగ పెరుగుతుంది.

రైలు కదులుతుండగా ఇదంతా పట్టుకోవడం కష్టం. టెంబూరు దగ్గర బండి నెమ్మదించినప్పుడు చూడాలి. కిటికీలోంచి ఫోను బయటకు చాపి తీయడం మాత్రం వద్దు. కరెంటు స్తంభాలు పట్టాలకు దగ్గరగా నిలబడి ఉంటాయి.

పాతపట్నం, సాయంత్రం

ఆంధ్రా వైపు చివరి ఊరు ఇది. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా. రెండు ఊళ్ళ మధ్య షేర్ ఆటోకి మనిషికి 20 రూపాయలు. ఆటోలో ఎనిమిదిమంది ఎక్కితేనే కదులుతుంది. పెళ్ళి బట్టలకూ ఆస్పత్రికీ జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఆటో ఎక్కిన ముసలమ్మ పక్కనున్న కుర్రాణ్ణి "ఏటి బాబూ, ఏ ఊరు మీది?" అని తెలుగులో అడిగి, అదే ఊపులో డ్రైవరుతో ఒడియాలో బేరం తేల్చుకుంది. ఎవరూ దీన్ని వింతగా చూడరు. దుకాణంలో ముందు తెలుగులో అడగొచ్చు, జవాబు తెలుగులోనే వస్తుంది. పెద్దవాళ్ళను "మావఁయ్యా" అనో "పెద్దాయనా" అనో పిలిస్తే పని తొందరగా అవుతుంది. ఒడియా మాట్లాడేవాళ్ళతో "నొమొస్కార్" అని మొదలుపెట్టాలి, మిగతాది వాళ్ళే సర్దుకుంటారు.

పర్లాకిమిడి, శనివారం

పొద్దున తిండి దగ్గరే రాష్ట్రం మారిందని తెలుస్తుంది. ఇక్కడి హోటళ్ళలో ఉప్మా మీద కొబ్బరి పచ్చడి వెయ్యరు, ఘుగుని వేస్తారు. ఎండుబఠాణీ రాత్రంతా నానబెట్టి, ఉల్లిపాయ, అల్లం, జీలకర్రతో చిక్కగా ఉడికించిన కూర అది. ప్లేటు ఉప్మా, రెండు పూరీలు, పైన ఘుగుని కలిపి 40 రూపాయలు. కడిగిన అరిటాకు ముక్క వేసి ఇచ్చే బండి దగ్గర తింటే రుచి ఇంకా బాగుంటుంది. టీ 10. పక్క మిఠాయి కొట్లో ఛెనా పోడ దొరుకుతుంది. విరిగిన పాల ముద్దలో చక్కెర కలిపి మాడేదాకా కాల్చిన మిఠాయి. అంచు నల్లగా, మధ్య తేమగా ఉన్న ముక్క అడిగి తీసుకోవాలి. మధ్యాహ్నం దాటిందంటే గట్టిబడిపోతుంది.

స్టేషన్ ఇప్పుడు బ్రాడ్‌గేజ్ స్టేషన్. ఎత్తు ప్లాట్‌ఫారం, పొడుగు రేకుల షెడ్డు. పాతది వెతికేవాళ్ళు ముందు కిందికి చూడాలి. చిన్న లైను స్టేషన్లలో ప్లాట్‌ఫారం దాదాపు పట్టాల మట్టంలోనే ఉండేది. పెట్టె మెట్టు మీద కాలుపెట్టి ఎక్కేవాళ్ళు. ఆ తర్వాత కంచెలు చూడాలి. తీసేసిన పాత పట్టాలను రైల్వే ఎక్కడా పారేయదు. నిలువుగా పాతి కంచె గుంజలుగా, గేటు స్తంభాలుగా, రేకుల షెడ్డు కింద దూలాలుగా వాడుతుంది. ఈ లైను పొడవునా అలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. పాదం నుంచి తల దాకా నాలుగు అంగుళాలు కూడా లేని పట్టా నిలబెట్టి ఉంటే అది చిన్నబండిదే అనుకోవచ్చు. అలాంటి గుంజ ఒకదాని నడుము మీద, తల్లోనూ పాదంలోనూ కాకుండా మధ్య పలకన, ఎత్తుగా పోతపోసినట్టు అక్షరాలు తగిలాయి. నాలుగైదు పొరల రంగు కింద ఉన్నాయి. కంటికి చదవడం కష్టం. పల్చటి కాగితం అద్ది పెన్సిల్ బద్దతో పక్కగా రుద్దితే అక్షరాలు తేలతాయి. పట్టా తయారైన కంపెనీ పేరు, ఏడు, బరువు ఇలాగే రాస్తారు. పాత భారతీయ లైన్లలో బారో, కామెల్, క్రుప్, కార్నెగీ పేర్లు తరచుగా తగులుతాయి. ఆ తర్వాతి కాలంవి టాటావి. రంగు గీకి చూడడం తప్పు. గీకినచోట తుప్పు పట్టి మెల్లగా అక్షరమే పోతుంది.

స్టేషన్‌లో ఫొటోలు తీసేముందు స్టేషన్ మాస్టరును అడగడం మర్యాద, పనికి కూడా మంచిది. ఆయన ఒప్పుకుంటే ఎవరూ ఆపరు. పట్టాలు దాటి అవతలి వైపు చూడాలనిపిస్తుంది, అది మాత్రం వద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అనుమతి లేకుండా పట్టాల మీదికి పోతే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

స్టేషన్ బయటి టీ కొట్టు దగ్గర సాయంత్రాలు పాత రైల్వే మనుషులు చేరతారు. ఈ ఊళ్ళో చూడదగ్గ వారసత్వం ఏదంటే వాళ్ళ చేతుల్లో ఉన్న విద్యే. ఎనభై దాటిన ఒక పెద్దాయన ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మేనుగా చేరి డీజిల్ దాకా పనిచేశారు. అడిగిందే తడవు చెప్పుకొచ్చారు. "నిప్పెట్టడానికి ముందు నీళ్ళు సూడాల బాబూ. నీళ్ళు సూడకుండా నిప్పెట్టినోడు ఫైర్‌మేను కాడు."

ఆ మాటలో బాయిలర్ శాస్త్రం చాలావరకు ఉంది. చల్లారిన ఇంజన్‌ను ఆవిరి మీదికి తేవడానికి, చిన్నదైనా నాలుగైదు గంటలు కావాలి. పొద్దున ఆరింటి బండికి అర్ధరాత్రి దాటగానే పని మొదలు. ముందు గేజ్ గ్లాసు చూస్తారు. బాయిలర్ వెనుక గోడకు నిలువుగా బిగించిన గాజు గొట్టం అది. కింది మర తిప్పి నీళ్ళు వదిలేసి మళ్ళీ మూస్తే గాజులో మట్టం వెంటనే పైకి లేవాలి. మెల్లగా లేచినా, లేవకపోయినా దారి పూడిందన్నమాట. పూడిన గాజులో నిన్నటి నీళ్ళు నిలబడి బాయిలర్ నిండుగా ఉందని నమ్మిస్తాయి. ప్రమాదం అక్కడే. నీళ్ళు గాజులో సగం దాకా ఉంటే చాలు. వేడెక్కేకొద్దీ వ్యాకోచించి మట్టం పెరుగుతుంది. మరీ నింపితే ఆవిరితోపాటు నీళ్ళు సిలిండర్లలోకి పోతాయి. నీరు నలగదు కాబట్టి పిస్టన్ దాన్ని నొక్కినప్పుడు సిలిండర్ మూత పగులుతుంది. బండి కదిలేటప్పుడు ముందు చక్రాల దగ్గర తెల్లటి ఆవిరి భుస్సుమని కొట్టేది కూడా ఇందుకే. రాత్రి చల్లబడి చేరిన నీటిని సిలిండర్ మరలు తెరిచి బయటికి తోలేస్తారు.

నీళ్ళు చూశాక ఇంజన్ ముందున్న పొగపెట్టె. అందులో బూడిద ఎత్తేసి తలుపు గట్టిగా బిగించాలి. అక్కడ సందు ఉంటే గాలి నిప్పు మీదుగా రాకుండా ముందునుంచే దూరుతుంది. మంట లాగదు, మిగిలిన బొగ్గుపొడి పొగపెట్టెలోనే రాజుకుని తలుపు వంకరపోతుంది. ఆ తర్వాత నిప్పుపెట్టె అడుగున ఉండే జల్లెడ మీద పల్చగా బొగ్గు పరిచి, పైన ఎండు కట్టెలు, కిరసనాయిల్లో ముంచిన పత్తి పీచు. బూడిద కింది తలుపు తెరిచి అంటించాలి. ఇక్కడ తొందరపడకూడదు. లోపలి నిప్పుపెట్టె త్వరగా సాగుతుంది, పైనున్న మందపు రేకు ఆలస్యంగా సాగుతుంది. ఆ రెంటినీ కలిపి పట్టుకున్న కడ్డీలు విరుగుతాయి, వేడిపొగ పోయే గొట్టాల మూతుల దగ్గర చెమ్మ కారుతుంది. ఒత్తిడి కొంచెం ఎక్కాకే పొగగొట్టంలోకి ఆవిరి ధార వదిలే బ్లోయరు తెరిచి మంటను లాగాలి.

నిప్పుపెట్టె పైకప్పు ఎప్పుడూ నీళ్ళ కింద ఉండాలి. దాంట్లో సీసం పోసిన బిరడా ఒకటి ఉంటుంది. నీళ్ళు తగ్గి పైకప్పు బయటపడితే సీసం కరిగి ఆవిరి నిప్పు మీద పడుతుంది, అది హెచ్చరిక. ఎత్తెక్కి దిగే చోట జాగ్రత్త మరీ ఎక్కువ. ఇంజన్ ముక్కు కిందికి వాలితే నీళ్ళు ముందుకు పరిగెత్తి వెనక ఉన్న పైకప్పు తేలిపోతుంది. అందుకే ఘాట్ దిగకముందే ఫైర్‌మేను నీళ్ళు ఎక్కించుకుంటాడు. నీళ్ళు ఎక్కించే ఇంజెక్టరుకు కదిలే భాగాలుండవు. ఆవిరి ధార చల్లటి నీటిలో తానూ నీరైపోతూ ఆ నీటినే బాయిలర్‌లోకి తోసేస్తుంది. ట్యాంకు నీళ్ళు వెచ్చబడితే ఆవిరి నీరుగా మారదు, ఇంజెక్టరు నీళ్ళు కక్కేస్తుంది. ఎండాకాలం ఇంజన్ ఒంటికి ఆనుకున్న ట్యాంకుల్లో ఇది రోజూ ఉండే తిప్పలే. పెద్దాయన మందు చాలా తేలిక: గోనెపట్టా తడిపి ఇంజెక్టరుకు చుట్టడం, మళ్ళీ మళ్ళీ తడపడం.

ఉప్పునీళ్ళ ఊరు పక్కనే ఉన్నా సమస్య ఉప్పు కాదని, సున్నమని ఆయనే చెప్పారు. కఠినజలం వాడితే గొట్టాల మీద సున్నం పెచ్చు కడుతుంది. దాంతో నిప్పు వేడి నీటికి అందక బొగ్గు ఎక్కువ పడుతుంది, రేకు కాలుతుంది. అందుకే నిర్ణీత రోజులకోసారి బాయిలర్ చల్లార్చి, బురద బిరడాలు విప్పి, లోపల నీటి ధార కొట్టి కడుగుతారు. చల్లార్చడం కూడా నిదానంగానే, లేకపోతే అవే కడ్డీలు మళ్ళీ విరుగుతాయి.

పర్లాకిమిడి, ఆదివారం

ఊరు తిరగడానికి రిక్షా కన్నా నడకే మేలు. మెట్టు మీద కూర్చుని కొమ్ముపని చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పశువు కొమ్మును సన్నటి రంపంతో కోసి, కుంపటి సెగ మీద నూనె రాస్తూ కాచి, మెత్తబడగానే చెక్క మూసలో నొక్కుతారు. సెగ ఎక్కువైతే కొమ్ము పొరలుగా లేచిపోతుంది, మళ్ళీ అతుక్కోదు. తర్వాత ఆకురాయి, చివరికి మెరుగు. రొయ్యబొమ్మలో ఒక్కో కణుపు విడిగా చేసి కూర్చుతారు, తోక పట్టి ఊపితే ఒళ్ళంతా కదులుతుంది. అరచేతి పొడుగుది 600 అన్నారు. దువ్వెన 150. బేరం ఆడతారుగానీ ఎక్కువ ఆడడం బాగుండదు, ఒక రొయ్యకు పూటంతా పడుతుంది.

ఈ ఊరికి తెలుగు చరిత్రలోనూ చోటుంది. గిడుగు వేంకట రామమూర్తి ఇక్కడి రాజా వారి పాఠశాలలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు వెళ్ళింది, జమీందారీలో పెద్ద భాగం ఇటు మిగిలింది. గిడుగు రాజమండ్రి వెళ్ళిపోయారు. గుణుపురం దాకా లైను పొడిగించిన కృష్ణచంద్ర గజపతి ఆ కొత్త రాష్ట్రానికి 1937లో మొదటి ప్రధాని అయ్యారు, ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి అది.

ఏప్రిల్ 1 ఒడిశాలో ఉత్కళ దివస్, సెలవు. రైలు మొదటిసారి నడిచిన తేదీ కూడా అదే. ఏటా ఆ రోజు ఇక్కడ రైల్వే వారసత్వాన్ని జనానికి తెరిచి చూపించాలి. ఇంతకన్నా సరైన తేదీ దొరకదు. ఆవిరి ఇంజన్ మండించనక్కర్లేదు. బాయిలర్ పరీక్షలు, ధ్రువపత్రాలు, నేర్చిన చేతులు లేకుండా ఆ పని తలపెట్టకూడదు కూడా. చల్లటి సామానుతోనే రోజంతా గడపొచ్చు. నేల మీద సున్నంతో 762, 1676 మిల్లీమీటర్ల గీతలు పక్కపక్కన గీస్తే చిన్నపిల్లలు కూడా వాటి మధ్య నిలబడి తేడా పట్టుకుంటారు. చిన్న పట్టా ముక్క, మీటరుకు 60 కిలోలు తూగే ఇప్పటి పట్టా ముక్క అడ్డంగా కోసి బల్ల మీద పెట్టాలి. నిలువునా చీల్చిన ఇంజెక్టరు ఒకటి, నీళ్ళు పోసి మట్టం చూపే గేజ్ గ్లాసు ఒకటి కావాలి. ప్లైవుడ్‌లో నిప్పుపెట్టె తలుపంత కంత కోసి, పారతో కంకర లోపలికి విసిరించాలి. నాలుగు మూలలకూ సమంగా పడేలా విసరడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. ఫైర్‌మేన్లు నేర్చుకున్నదీ ఇలాగే.

తేడా వచ్చే చోట్లు ముందే తెలుసు. జనం ప్లాట్‌ఫారం అంచుకు ఒరుగుతారు కాబట్టి ఇదంతా స్టేషన్ ముంగిట్లో, నడిచే లైనుకు దూరంగా ఉండాలి. పదిహేను మందికి మించకుండా గుంపులు చేయాలి. ఏప్రిల్ ఎండకు పది గంటల తర్వాత ఇనుము ముట్టుకోలేం, అందుకని ఉదయం ఆరున్నర నుంచి పది దాకా, మళ్ళీ నాలుగు తర్వాత. మజ్జిగ ఉండాలి. చెప్పేవాళ్ళు ఒకరు తెలుగులో, ఒకరు ఒడియాలో చెప్పాలి. కాగితపు చీటీల మీద రాస్తే చెమట చేతులకు మధ్యాహ్నానికే చెరిగిపోతాయి, రేకు మీద రంగుతో రాయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ టీ కొట్టు పెద్దవాళ్ళను కుర్చీలు వేసి కూర్చోబెట్టడం. వాళ్ళు చెప్పేది ఫోనులోనైనా రికార్డు చేసుకోవాలి, ఇప్పుడే. ఆవిరి మీద పనిచేసిన మనుషులు ఏటేటా తగ్గిపోతున్నారు.

కాశీనగరం, ఆదివారం సాయంత్రం

బస్సులో వెళ్ళాం. వంశధార లోయలోకి దిగేసరికి గాలి మారుతుంది. నదికి దారి అడిగితే ఒకరు స్టేషన్ వైపు, ఒకరు బజారు వైపు చూపిస్తారు. రెండూ నిజమే, బజారు దారి రేవుకు పోతుంది, స్టేషన్ దారి పొలాల్లో ఆగిపోతుంది. చెప్పులు చేతపట్టుకుని ఇసుకలో నడవాలంటే బజారు దారే.

ఈ లోయలో లైనుకు శత్రువు వాన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచేసింది. కొండవాగు పొంగినప్పుడు కట్ట ఎలా తెగుతుందో తెలిస్తే తూముల విలువ తెలుస్తుంది. మొదట చెట్లకొమ్మలు, వెదురు వచ్చి తూము మూతికి అడ్డం పడతాయి. నీరు కట్టకు ఒకవైపే ఎత్తుగా నిలుస్తుంది. కట్ట మీదుగా పొర్లడం మొదలైతే ముందు కంకర కొట్టుకుపోతుంది, ఆపైన అవతలి వాలు మట్టి కోసుకుపోతుంది. చివరికి పట్టాలూ స్లీపర్లూ గాల్లో వేలాడతాయి. వానాకాలం ముందు, లైను బాగోగులు చూసే గ్యాంగ్ మనుషులు తూముల్లో పూడిక తీసేది అందుకే. వానాకాలంలో ఈ వైపు రావాలనుకునేవాళ్ళు ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకోవాలి.

గుణుపురం, సోమవారం

రాయగడ జిల్లా. చివరి స్టేషన్. మొదటి పదేళ్ళూ నష్టాల్లో నడిచిన లైను 1910 తర్వాత కాస్త తేరుకుని, 1924-25 నుంచి మంచి లాభాలు చూసింది. ఆ ధైర్యంతోనే 1929లో, 1931లో రెండు విడతలుగా ఇక్కడి దాకా పొడిగించారు. సరిగ్గా అప్పుడే రాయపూర్-విజయనగరం పెద్ద లైను తెరుచుకుంది. సరుకు అటు మళ్ళింది. పొడిగింపుకు ఎదురైన దురదృష్టం అది, లెక్కలో తప్పేమీ లేదు.

తెల్లవారుజామున సంతకు వెళ్ళాలి, ఎనిమిదయ్యేసరికి సగం ఖాళీ. కొండల నుంచి సవర ఆడవాళ్ళు కందులు, పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు తెస్తారు. చాలా సరుకు తూకానికి కాదు, మానికతో కొలుస్తారు, లేదా వాటాలుగా పోస్తారు. వాటా ఇరవై అంటే ఇరవయ్యే. అందులోంచి ఏరుకోకూడదు, కావాలంటే పక్క వాటా అడగాలి. ఫొటో తీయాలంటే ముందు అడగాలి, వద్దంటే ఊరుకోవాలి. చీపురు కట్ట 40, చింతపండు కొత్తది, ఇంకా తేమగా ఉంది, ఇంటికి తెచ్చాక రెండు ఎండలు పెట్టాల్సి వచ్చింది. సంత మూల రాగి జావ గ్లాసు 10 రూపాయలు, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ ముక్కలతో. దాన్ని ఆకు దొన్నెలో కూడా పోసిస్తారు, దొన్నె కాస్త వగరు వాసన తెస్తుంది, అదే బాగుంది.

స్టేషన్‌లో పట్టాలు ఇప్పటికైతే అడ్డుదిమ్మ దగ్గర ఆగిపోతాయి. ఇక్కడి నుంచి తెరువలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే రాయపూర్-విజయనగరం లైనుతో గుణుపురం కలుస్తుంది, యార్డు రూపం మారుతుంది. చివరి స్టేషన్‌గా దీన్ని చూడాలనుకునేవాళ్ళు ఆలోపే రావాలి. తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం దాటితే రైలు కోసం ఎదురుచూడడం కన్నా పర్లాకిమిడి బస్సు నయం. వెనక సీట్లలో చింతపండు బస్తాలు వేస్తారు, ముందు కూర్చోవాలి.